వలసపాలన నేపథ్యంగా వచ్చిన ఆఫ్రికా నవలకు పాఠకుడిగా స్పందన రాయడం ఎలా

1950ల తొలి సంవత్సరాల్లో నైజీరియాలోని ఇబాదాన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు పాఠం జరుగుతోంది. పాఠ్యగ్రంథం జాయిస్ కేరీ 1939లో రాసిన ‘మిస్టర్ జాన్సన్’. నైజీరియాలో వలస ప్రభుత్వ అధికారిగా పనిచేసి వెళ్ళిన రచయిత నైజీరియా యువకుడొకణ్ణి కథానాయకుడిగా పెట్టి రాసిన నవల అది. విద్యార్థుల్లో ఒకడు లేచి, పుస్తకం మొత్తంలో తనకు నచ్చిన ఘట్టం ఒక్కటేననీ, అది తెల్లదొర రడ్‌బెక్ ఆ జాన్సన్‌ను కాల్చి చంపే ఘట్టమనీ చెప్పాడు. అధ్యాపకుడు నిర్ఘాంతపోయాడు. అదే క్లాసులో కూర్చున్న చినువా అచెబె చాలా ఏళ్ళ తర్వాత ఈ సంగతిని తలచుకుని రాశారు.

ఆ విద్యార్థి అన్నమాట పాఠకుడి స్పందనే. అందులో నిజాయితీ ఉంది, కోపం ఉంది, అది ఫలానా ఘట్టాన్ని వేలుపెట్టి చూపిస్తోంది కూడా. దానికి లేనిదల్లా ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు. అటువంటి ఒక్క వాక్యం మనలో పుట్టిన తర్వాత దాన్ని మూడు నాలుగు పేజీల వ్యాసంగా ఎలా తీర్చిదిద్దుకోవాలో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం. ఉదాహరణగా మొదటినుంచి చివరిదాకా ప్రధానంగా ఒకే నవలను, 1958లో వచ్చిన అచెబె ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ను తీసుకుంటాను. మనలో చాలామందికి ఆఫ్రికా సాహిత్యం ఆ గుమ్మంలోనుంచే పరిచయమవుతుంది కాబట్టి దానితో మొదలుపెట్టడం సులువు.

ముందుగా ఒక కాగితం

పుస్తకం తెరవడానికి ముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: ఇది ఏ ప్రజల కథ, వారిని పాలించినది ఎవరు, కథ ఏ కాలంలో జరుగుతోంది, రచయిత ఏ కాలంలో కూర్చుని రాశాడు. మన నవల విషయంలో ప్రజలు ఇగ్బోలు, పాలకులు బ్రిటిష్‌వారు, కథాకాలం 19వ శతాబ్దం చివరిభాగం, ప్రచురణ కాలం 1958. నైజీరియాకు స్వాతంత్ర్యం వచ్చినది 1960 అక్టోబర్ 1న. అంటే తెల్లవాళ్ళు ఇంకా కుర్చీ దిగకముందే, వాళ్ళు మొదటిసారి ఊళ్ళో అడుగుపెట్టిన రోజులను ఒక యువకుడు వెనుదిరిగి చూస్తున్నాడు. దీనికి తోడు అచెబె తండ్రి క్రైస్తవం స్వీకరించి మిషన్‌లో మతప్రచారకుడిగా పనిచేసినవాడు. తండ్రిని కాదని మిషన్‌లో చేరిపోయే న్వోయే అనే కుర్రవాడు నవలలో ఎదురైనప్పుడు, రచయిత పుట్టి పెరిగిన ఇల్లు ఆ కుర్రవాడు వెళ్ళిన వైపే ఉందన్న సంగతి మీకు ముందే తెలిసి ఉంటుంది. మతమార్పిడి మీద అచెబె ఎందుకు ఏకపక్షంగా తీర్పు చెప్పలేదో అప్పుడు బోధపడుతుంది.

ఆ కాగితం మీద ‘ఆఫ్రికా’ అని మాత్రం రాయకండి. అది 54 దేశాల ఖండం. కెన్యాలో తెల్లవాళ్ళు ఎత్తుప్రాంతాల సారవంతమైన భూములు లాక్కుని స్థిరపడ్డారు కాబట్టి అక్కడి నవలల్లో కథ భూమి చుట్టూ తిరుగుతుంది. ఫ్రెంచి ఏలుబడిలోని కామెరూన్ నుంచి 1956లో వచ్చిన ఫెర్డినాండ్ ఒయోనో నవల, దొర ఇంట్లో పనిచేసే కుర్రవాడి డైరీ రూపంలో, వంటింట్లోనుంచీ పడకగది గుమ్మంలోనుంచీ పాలకుణ్ణి చూస్తుంది. ఇగ్బో ఊళ్ళోనైతే ముందు మిషన్ వస్తుంది, దాని వెనకే కోర్టు వస్తుంది. ఈ మూడింటినీ ‘వలసవాదం’ అనే ఒక్క మాటతో కట్టగట్టేస్తే రాయడానికి ఏమీ మిగలదు. ఇక్కడే మరో సంగతి చెప్పాలి. తెలుగు పాఠకుల్లో ఒక తరానికి ఆఫ్రికా అంటే సహవాసి అనువదించిన ‘ఏడు తరాలు’లోని కుంటా కింటే ఊరే. ఆ పుస్తకం మీద నాకూ ఎంతో మమకారం ఉంది. అయితే అది అమెరికాకు బానిసలుగా వెళ్ళినవారి వారసుడు వెనుదిరిగి ఊహించుకున్న ఆఫ్రికా. అక్కడే ఉండిపోయినవారి కథ వేరు. ఆ జ్ఞాపకంతోనే అచెబెను చదివితే గొలుసులూ ఓడలూ వెతుక్కుంటాం, అవి కనబడవు.

మొదటిసారి చదివేటప్పుడు

మొదటి పఠనంలో నోట్సు రాయవద్దు. కోపం వచ్చినచోట, నవ్వు వచ్చినచోట, పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నచోట మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకుంటే చాలు. రెండోసారి తిరగేసేటప్పుడు ఆ గీతలే మీ స్పందనకు ముడిసరుకు అవుతాయి. గీతల్లో సగం, తెల్లవాడు రాకముందే పడ్డాయని మీరు గమనించవచ్చు. నవలలో 25 అధ్యాయాలుంటే మొదటి 13 అధ్యాయాల్లో ఒక్క తెల్లమనిషి కూడా కథలోకి రాడు. కుష్ఠురోగి మీద వేసే ఒక హాస్యంలో మాత్రం వాళ్ళ ప్రస్తావన దొర్లుతుంది. పెండలం సాగు, కుస్తీ పోటీలు, అప్పులు చేసి వేణువు ఊదుకునే తండ్రి, ఆ తండ్రిలా అవుతానేమోనని జీవితమంతా భయపడే ఒకొంక్వో అనే కొడుకు, వీటితోనే సగం పుస్తకం నిండిపోతుంది. ‘వలసవాదం మీద నవల’ అని విని తెరిచిన పాఠకుడు ఈ సగం పుస్తకాన్ని ఉపోద్ఘాతంగా భావించి తొందరగా దాటేస్తాడు. దాటవద్దు. ఏది పోయిందో తెలియకుండా పోయిందని బాధపడటం కుదరదు.

ఇగ్బో మాటలు ఎదురైనప్పుడు వాటికి వెంటనే తెలుగు మాట తగిలించే ఆత్రం కూడా అణచుకోవాలి. ఈ పొరపాటు నేనే చేశాను. ఒకప్పుడు స్నేహితుల మధ్య చదివిన వ్యాసంలో, ప్రతి మనిషికీ వెంట ఉండే సొంత దైవం ‘చి’ని నేను ‘నుదుటి రాత’ అని రాశాను. శ్రోతల్లో ఒకామె, “మనిషి ఔనంటే అతని చి కూడా ఔనంటుందని ఆ పుస్తకంలోనే సామెత ఉంది కదండీ, నుదుటి రాత మనం చెప్పినదానికి తలూపుతుందా?” అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆ ఒక్క అనువాదం వల్ల ఒకొంక్వో పతనం మొత్తం విధివిలాసంగా మారిపోయింది, అతని మొండితనం లెక్కలోకే రాలేదు. అప్పటినుంచి ఇటువంటి మాటలను చి, ఒసు, ఎగ్వుగ్వు అని ఉన్నవి ఉన్నట్టే ఉంచి, అవి నవలలో ఎక్కడెక్కడ ఏ పని చేస్తున్నాయో వేరే పేజీలో రాసుకుంటున్నాను.

ఒకే ఘట్టాన్ని పట్టుకోండి

స్పందనల్లో ఎక్కువ భాగం చప్పగా తేలిపోవడానికి కారణం, అవి పుస్తకం మొత్తాన్ని ఒకే గుక్కలో చెప్పాలని చూడటం. పెన్సిల్ గీతల్లోనుంచి ఒక్కదాన్ని ఎంచుకుని దాని మీదే సగం వ్యాసం నడపండి. నేనైతే మూడవ భాగంలోని జరిమానా ఘట్టాన్ని ఎంచుకుంటాను.

కొత్తగా మతం పుచ్చుకున్న ఇనాక్ అనేవాడు, పితృదేవతల రూపంలో ముసుగు ధరించి వచ్చిన ఎగ్వుగ్వు ముసుగును అందరి ఎదుటా లాగేస్తాడు. దానికి ప్రతిగా ఎగ్వుగ్వులు చర్చిని కాల్చేస్తారు. జిల్లా కమిషనర్ ఊరి పెద్దలు ఆరుగురిని మర్యాదగా మాట్లాడుకుందామని పిలిపించి, కూర్చోబెట్టి, సంకెళ్ళు వేయిస్తాడు. వాళ్ళకు 200 సంచుల గవ్వలు జరిమానా విధిస్తాడు. కోర్టు జవానులు పెద్దల తలలు గొరిగించి, కొట్టి, ఆ తర్వాత ఊళ్ళోకి వెళ్ళి 250 సంచులు కట్టకపోతే మీ వాళ్ళను ఉరితీస్తారని చాటిస్తారు. ఊరు 250 సంచులూ పోగుచేసి కడుతుంది. మిగిలిన 50 సంచులూ జవానుల చేతుల్లోకే పోతాయని ఊరివాళ్ళకు తెలియదని అచెబె ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతారు.

ఇది చదివిన తెలుగు పాఠకుడి పెదవుల మీద ఒక చేదు చిరునవ్వు మెదులుతుంది. కలెక్టరు కచేరీ గుమ్మంలో బంట్రోతు చేయి తడపనిదే లోపలికి అడుగు పడని కథలు మన ఇళ్ళలో తాతలు చెప్పినవే. “అచ్చం మన ఊరి సంగతే” అనిపిస్తుంది. అలా అనిపించడంలో తప్పేమీ లేదు, ఆ పోలిక స్పందనకు తొలిమెట్టు. కాని నేను చూసిన స్పందనల్లో నూటికి తొంభై అక్కడే ఆగిపోతాయి. పోలిక దొరికిన తర్వాత దాన్ని తెగేదాకా లాగాలి. అది ఏ చోట తెగుతుందో ఆ చోటే మీరు రాయవలసిన అసలు విషయం ఉంటుంది.

ఈ ఘట్టంలో ఆ పోలిక ఎక్కడ తెగుతుందో చూద్దాం. మన పల్లెల్లో కరణం, మునసబు అంతకుముందునుంచే ఉన్నారు. కంపెనీవారు ఆ ఉద్యోగాలను తమ పన్నుల వసూలుకు తగ్గట్టుగా మలచుకున్నారు. ఇగ్బోల ఊళ్ళకు రాజు లేడు, కరణమూ లేడు. నవలలోనే మిషనరీలు మీ రాజు ఎవరని అడిగితే, రాజు లేడు, బిరుదులు పొందినవారూ పూజారులూ పెద్దలూ ఉన్నారని ఊరివాళ్ళు చెబుతారు. తల లేని ఊరిని పాలించాలంటే తెల్లవాడు కొత్తగా మనుషులను తయారుచేసుకోవాలి. అందుకే ఆ కోర్టు జవానులు ఒకొంక్వో ఊరైన ఉమువోఫియా వాళ్ళు కారు, పెద్దనది ఒడ్డున ఉన్న ఉమురు నుంచి వచ్చిన పరాయివాళ్ళు. ఊరివాళ్ళు వాళ్ళను ‘కోట్మా’ అంటారు, వాళ్ళు తొడిగే బూడిదరంగు నిక్కర్లను చూసి ముడ్డికి బూడిద పూసుకున్నవాళ్ళని వెక్కిరిస్తారు. మొదటిసారి వచ్చిన మిషనరీకి దుబాసీగా నిలబడ్డవాడి సంగతీ ఇంతే. అతను ఇగ్బోవాడే అయినా వేరే ప్రాంతపు యాసవాడు కావడంతో ‘నేను’ అనవలసిన ప్రతిచోటా ‘నా పిర్రలు’ అంటుంటాడు, జనం పగలబడి నవ్వుతారు. ఆ నవ్వులోనే అధికారం లోపలికి వచ్చేస్తోంది. తమ రంగులోనే ఉండి తమ యాస లేని మనిషి నోటివెంట పరాయి పాలన వచ్చిందన్న సంగతిని అచెబె ముందు హాస్యంగా చూపించి, 50 సంచుల దగ్గరకు వచ్చేసరికి హాస్యం లేకుండా చూపించారు. ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టి రాస్తే ‘వలసపాలన దోపిడీ’ అనే అరిగిపోయిన మాట వాడవలసిన అవసరమే రాదు.

ఒసుల విషయంలో పోలిక ఇంకా బలంగా లాగుతుంది. ఒసు అంటే దేవతకు అర్పితమై, తరతరాలుగా ఊరికి వెలి అయిన మనిషి. స్వతంత్రులతో పెళ్ళి లేదు, జుట్టు కత్తిరించుకోకూడదు, చనిపోతే అడవిపాలు చేస్తారు. మిషన్‌లోకి ఇద్దరు ఒసులు వచ్చినప్పుడు అంతకుముందే మతం పుచ్చుకున్నవారే వారి పక్కన కూర్చోవడానికి అభ్యంతరం చెబుతారు. అక్కడి బోధకుడు కియాగా ఆ ఒసులతో ముందుగా చేయించే పని జుట్టు గొరిగించుకోవడం. 1876–78 కరవు తర్వాత ఒంగోలు ప్రాంతంలో వేలమంది మాదిగలు బాప్తిస్మం తీసుకున్న చరిత్ర తెలిసినవారికి ఈ పేజీలు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. చర్చి గుమ్మం ఎవరికి ముందు తలుపులా కనిపించిందో రెండుచోట్లా ఒకే జవాబు. ఇక్కడ కూడా పోలిక తెగే చోటును వదలకండి. ఒసుతనం ఒక వృత్తితో ముడిపడినది కాదు, మెట్ల వరసలో అట్టడుగు మెట్టూ కాదు. దానికి మూలం దేవతకు చేసిన అర్పణ. కాబట్టి ‘ఆఫ్రికాలోనూ కులం ఉంది’ అని ముగించడం తొందరపాటు. తూర్పు నైజీరియా శాసనసభ 1956లో ఒసు ఆచారాన్ని చట్టంతో రద్దుచేసింది. అయినా 1960లో వచ్చిన అచెబె రెండవ నవలలో చదువుకున్న యువకుడు ఒసు స్త్రీని పెళ్ళాడాలనుకుంటే ఇల్లంతా అడ్డం తిరుగుతుంది.

రెండు గోతులు

తెల్లవాళ్ళు రాకముందు అంతా బంగారు లోకమని రాయడం ఒక గొయ్యి. ఎంత ఆటవిక ఆచారాలో అని రాయడం రెండవ గొయ్యి. రెండింటినీ తప్పించుకునే దారి పుస్తకంలోనే ఉంది. ఇకెమెఫునా అనే కుర్రవాడు మూడేళ్ళపాటు ఒకొంక్వో ఇంట్లో పెరిగి అతన్ని నాన్నా అని పిలుస్తాడు. దైవవాక్కు ప్రకారం వాణ్ణి చంపడానికి తీసుకువెళుతున్నప్పుడు, పిరికివాడంటారేమోనన్న భయంతో ఒకొంక్వో తానే కత్తి దూస్తాడు. ఈ పేజీ దగ్గర చాలామంది పాఠకులకు అతని మీద అసహ్యం కలుగుతుంది. కలిగితే దాచుకోకుండా రాయండి. రాసిన వెంటనే, పుస్తకంలో ఈ అసహ్యం ఇంకెవరికైనా కలిగిందా అని వెతకండి. ముసలి ఎజెవుడు ముందే వచ్చి, ఆ కుర్రవాడి చావులో నీ చేయి ఉండకూడదని హెచ్చరించాడు. స్నేహితుడు ఒబియెరికా తర్వాత మొహం మీదే తప్పుపట్టాడు. ఒకొంక్వో కొడుకు న్వోయేకు లోపల ఏదో తెగిపోయింది. అంటే తెల్లవాడు ఆ ఊళ్ళో అడుగుపెట్టకముందే ఆ సమాజం తన తప్పును తానే ప్రశ్నించుకుంటోంది. మిషనరీ పాట న్వోయే చెవిలో పడేనాటికి ఆచారం ప్రకారం అడవిలో పారేసిన కవల శిశువుల ఏడుపు అతన్ని ఎప్పటినుంచో వేధిస్తోంది. ఈ సంగతి రాస్తే రెండు గోతులూ వాటంతట అవే పూడిపోతాయి.

స్త్రీల గురించి కూడా ఒక ప్రశ్న వేసుకోవాలి. ఒకొంక్వో భార్యలు ఎన్నిచోట్ల మాట్లాడతారో లెక్కపెట్టి చూడండి. ఆ లెక్కతో అసంతృప్తి కలిగితే, జింబాబ్వే రచయిత్రి సిట్సి దంగరెంబ్గా 1988లో ప్రచురించిన ‘నెర్వస్ కండిషన్స్’ పక్కన పెట్టుకోండి. తన అన్న చనిపోయినందుకు తనకు విచారం కలగలేదని చెబుతూ అందులో తాంబు అనే అమ్మాయి కథ మొదలుపెడుతుంది. చదువు కొడుకుకే దక్కుతున్న ఇంట్లో, ఫీజు కోసం తానే మొక్కజొన్న పండించుకున్న పిల్ల ఆ మాట అంటోంది. అక్కడ తెల్లవాడి పెత్తనమూ, ఇంటిపెద్ద బాబాముకురు పెత్తనమూ ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చుంటాయి.

కోపాన్ని లెక్కలతో నిలబెట్టడం

కోపంతో రాయవచ్చు. 1975 ఫిబ్రవరి 18న మాసచుసెట్స్ విశ్వవిద్యాలయంలో అచెబె చేసిన ప్రసంగమే ఒక పాఠకుడి కోపానికి మంచి నమూనా. కాంగో నేపథ్యంలో జోసెఫ్ కాన్రాడ్ రాసిన ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ చదివి, ఆ రచయిత జాత్యహంకారి అని ఆయన సూటిగా అన్నారు. అయితే తిట్టి ఊరుకోలేదు. ఆ పుస్తకంలో ఆఫ్రికన్లకు నోరు విప్పే అవకాశం కేవలం రెండుచోట్ల దొరికిందని వేళ్ళమీద లెక్కపెట్టి చూపించారు. పైగా ఆ జాత్యహంకారపు మాటలు కథ చెప్పే మార్లోవి కాని కాన్రాడ్‌వి కావని ఎదుటివాళ్ళు అంటారని తానే ముందుగా ప్రస్తావించి దానికీ జవాబిచ్చారు. ఆయనతో ఏకీభవించనివాళ్ళు నేటికీ ఉన్నారు. కాంగోలో జరిగిన దోపిడీని కాన్రాడ్ ఎండగట్టాడన్న వాదనలో బలం ఉందని నాకూ అనిపిస్తుంది. మీరు నేర్చుకోవలసినది ఆ పద్ధతిని. ఒక ఆరోపణ, దానికి పేజీల్లో దొరికే లెక్క, ఎదుటివాడి వాదనల్లో బలమైనదానికి సమాధానం, ఈ మూడూ మీ వ్యాసంలో ఉండాలి.

మీరు ఏ భాషలో చదివారో మొదటి పేరాలోనే చెప్పడం మంచిది. అది మర్యాద కోసం చెప్పే మాట కాదు. ఏ భాషలో రాయాలన్నది ఆఫ్రికా రచయితల మధ్య పెద్ద తగాదా. అచెబె ఇంగ్లీషును ఇగ్బో సామెతలకు ఒగ్గేలా వంచుకున్నారు. కెన్యా రచయిత గూగీ వా థియోంగో ఇంగ్లీషులో పేరు తెచ్చుకున్న తర్వాత తన మాతృభాష గికూయుకు మారిపోయారు. గికూయు నాటకం ఆడించిన తర్వాత 1977 చివరి రోజున అరెస్టయి, విచారణ లేకుండా నిర్బంధంలో ఉండగా జైలు మరుగుదొడ్డి కాగితాల మీద గికూయులో నవల రాశారు. ఆ నవలను వరవరరావు తానూ జైల్లో ఉండగానే ‘మట్టికాళ్ళ మహారాక్షసి’గా తెలుగు చేశారు. గూగీ తన బడి గురించి చెప్పిన సంగతి ఒకటి ఉంది. ముందుగా ఒక పిల్లవాడి చేతికి ఒక బొత్తాం ఇస్తారు, వాడు మాతృభాషలో మాట్లాడిన ఇంకొకణ్ణి పట్టుకుని దాన్ని అప్పగించాలి, సాయంత్రం ఎవరి చేతిలో ఉంటే వాడు తనకు ఎవరిచ్చారో చెప్పాలి, అలా ఆ రోజు తప్పు చేసినవాళ్ళంతా బయటపడతారు. దొరికినవాడి మెడలో గాడిదనని రాసిన రేకు వేలాడదీయడం కూడా ఉండేది. 2009లో కడప జిల్లాలో ఒక బడిలో తెలుగులో మాట్లాడిన పిల్లల మెడలో ఇక తెలుగు మాట్లాడమని రాసిన పలకలు కట్టిన వార్త చదివినవారికి ఇక్కడ పోలిక వెతుక్కోవలసిన పని లేదు. తెగే చోటు మాత్రం ఉంది. కడపలో అప్పటికి తెల్లదొర వెళ్ళిపోయి అరవై ఏళ్ళు దాటింది.

రాసిన తర్వాత

చిత్తుప్రతిని వారం రోజులు పక్కన పెట్టండి. మళ్ళీ తీసినప్పుడు కథ సారాంశం చెప్పిన పేరాలను సగానికి కోసేయండి. పేర్లు సరిచూసుకోండి. ఇగ్బోలను ఒకచోట ‘తెగ’ అనీ, వారికన్నా ఎంతో తక్కువమంది ఉన్న ఏదో ఒక యూరోపు దేశంవారిని మరోచోట ‘జాతి’ అనీ రాశారేమో గమనించండి. ఇగ్బోలు కోట్లలో ఉన్నారు. ఆ తర్వాత నవల చివరి పేజీ మరొకసారి చదవండి. ఒకొంక్వో ఉరివేసుకుని చెట్టుకు వేలాడుతూ ఉండగా, తాను రాయబోయే పుస్తకంలో ఇతని గురించి ఒక అధ్యాయం రాయవచ్చునని కమిషనర్ అనుకుంటాడు, మరుక్షణం అంత అక్కర్లేదులే, ఒక పేరా చాలనుకుంటాడు. ఆ పుస్తకానికి పేరు కూడా అప్పటికే ఖాయం చేసుకున్నాడు: లోయర్ నైజర్ ఆటవిక తెగలను శాంతింపజేయడం. ఆ పేరులోని మాటల్లో ఏ ఒక్కటైనా మీ వ్యాసంలో మీ సొంత మాటగా కనిపిస్తే దాన్ని కొట్టేసి, ఆ చోట మనుషుల పేర్లు రాయండి.